శివరాత్రి వెళ్ళిన నాలుగోనాడు

ఆటో మలుపు తిరగ్గానే నాకు కనబడింది ఒకే ఒక్క చెరకు తోట. చుట్టుపక్కల అందరివీ నరికేశారు. ఆకు తగలబెట్టిన నల్ల మచ్చలూ, మోళ్ళలోంచి జానెడేసి లేచిన పిలకలూ తప్ప ఎటు చూసినా నేలే. మధ్యలో ఆ ఎకరం ముక్క మాత్రం గోడ కట్టినట్టు నిలబడి ఉంది. నిలబడి అనడం కూడా తప్పే. సగం గడలు వాలిపోయి ఒకదాని మీదొకటి పడి ఉన్నాయి. మిగతా సగం ఎప్పుడో పూత పూసి, ఆ కుచ్చులు కూడా ఎండిపోయి గాలికి రాలుతున్నాయి. చెరకు పూసి ఎండకి నిలబడిందంటే తీపి దిగిపోయినట్టేనని మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"ఎవరిదయ్యా ఇది? ఇంత బద్ధకమా?" అని నవ్వుతూ ఆటో అతన్ని అడిగాను. నాకు నోటి దురుసు కొంచెం ఎక్కువే.

అతను అద్దంలోంచి నన్నోసారి చూశాడు. "మీ మేనత్తదే కదమ్మా," అన్నాడు.

ఆటో ఆపమన్నాను. దిగి గట్టు మీద నిలబడి చూశాను. గట్టు మీద ఆమె కూర్చునే రాయి ఉంది, మావయ్య పాతిన సరిహద్దు రాయి ఉంది. ఆమెదే. ఏప్రిల్ ఎండలో పట్టుచీర కట్టుకుని నిలబడ్డాను. ఆ పట్టుచీర ఎందుకంటే, ఆ రోజు ఆ ఊళ్ళో నాకు సన్మానం.

నేనుండేది అనకాపల్లిలో. ఇంట్లోనే కూర్చుని ఒక కంపెనీకి యాప్‌లు రాస్తాను. ఈ మేనత్త మా నాన్నగారి ఒక్కగానొక్క చెల్లెలు, ఉండేది రావికమతం దగ్గర పల్లెలో. మావయ్య పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పట్నుంచీ ఆ ఎకరం చెరకునీ ఆమే చూసుకుంటోంది. బెల్లం వండటంలో ఆమెకి సాటి లేరు. పాకం ఎప్పుడు దింపాలో వాసన చూసి చెబుతుంది. ఆమె బెల్లం రంగు చూసి, ఇది ఎవరు వండారని పక్క ఊళ్ళవాళ్ళు అడిగేవారు. ఏటా మొదటి దిమ్మ మా ఇంటికే పంపేది.

ఆ ఊళ్ళో పాతికమంది రైతులకి కలిపి ఒకటే గానుగ. పేరుకి గానుగ గానీ మోటారుతో నడిచే క్రషరే. పక్కనే రసం కాచే పెద్ద పెనం, పైన రేకుల పాక. డిసెంబరు నుంచి మార్చి ఆఖరు దాకా వంతులవారీగా చెరకు నరికి అక్కడే ఆడించుకోవాలి. ముందు నాటినవాళ్ళకి ముందు వంతు. అది మాటకి మాత్రమే. జరిగేదేమిటంటే నోరున్నవాళ్ళు ముందు, లేనివాళ్ళు వెనక. మావయ్య పోయాక మా అత్త వంతు ఏటా నాలుగు రోజులో వారమో వెనక్కి జరిగేది. ఆమె ఒక్కనాడూ గొడవపడలేదు. ఆమె పడలేదు గానీ నాకు ఒళ్ళు మండింది. నా యాప్ పుట్టింది ఆ మంటలోంచే. ఇంకెవరి కోసమో కాదు, అత్త కోసం రాశాను.

రైతు పేరు, పొలం, నాటిన తేదీ. అంతే. తేదీల ప్రకారం యాప్ వరస కట్టి ఎవరి వంతు ఎప్పుడో చెబుతుంది. పది నెలలు నిండని తోటకి వంతు ఇవ్వదు. నేను రాసే భాషలో ఒక సదుపాయం ఉంది. ఏ వివరాన్ని ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు అన్నది ముందే కట్టుదిట్టం చేసి పెట్టుకోవచ్చు. ఇంటి సంగతుల్లాగే కొన్ని వీధిలో అందరికీ, కొన్ని ఇంట్లోవాళ్ళకే, కొన్ని గది గడప కూడా దాటవు. నాటిన తేదీని అందరూ చూడొచ్చు, ఒకసారి రాశాక మాత్రం ఎవరూ మార్చలేరు అని రాశాను. మార్చే బటన్ పెట్టలేదు. చెరిపే బటన్ కూడా పెట్టలేదు. దసరా వెళ్ళాక గానుగ పాకలో అందర్నీ కూర్చోబెట్టి ఉపన్యాసం కూడా దంచాను. "ఎవరడిగినా మార్చను. మా అత్త అడిగినా మార్చను," అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మా అత్త అందరికంటే గట్టిగా కొట్టింది.

ఆ తర్వాత ఆరు నెలలు నేను ఆ ఊరు వెళ్ళలేదు. పని, పని అనుకుంటూ ఉండిపోయాను. ఫోన్లో మాత్రం అడుగుతూనే ఉన్నాను, "ఆడించేవా అత్తా?" అని. "ఆడతాదిలే అమ్మీ," అనేది. మొదటి దిమ్మ రాలేదన్న సంగతి కూడా నాకు తట్టలేదు. అరిసెలకి కొట్లో బెల్లం కొన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పాక దగ్గర ఆటో దిగీ దిగ్గానే తగువు పెట్టుకున్నాను. గానుగ కమిటీ ప్రెసిడెంటు నాకు మావయ్య వరస. సీజను అయిపోయిందని క్రషరుకి గ్రీజు పూయించి పట్టా కప్పిస్తున్నాడు. కుర్చీలు వేశారు, మైకు పెట్టారు, నా ఫొటోతో ఫ్లెక్సీ కూడా కట్టారు.

"మా అత్త వంతు ఎవరు మింగేశారు మావయ్యా?" అన్నాను.

ఆయన తెల్లబోయాడు. "ఎవులు మింగుతారు కోడలా? నీ యాప్ సెప్పిన వరసే నడిసింది. ఒక్క రోజు అటూ ఇటూ నేదు. అందుకే కదా ఈ సన్మానం."

"మరి ఆమె తోట ఎందుకలా ఉంది?"

"వంతు రానేదు."

"రాకపోవడమేమిటి?"

"మేమూ అడిగేం. నెల నెలా సూత్తానే ఉన్నాం. ఇంకా పది నెలలు నిండనేదని ఎర్రగా సూపిత్తంది. మార్సుదామంటే తాళం నువ్వే ఏసేవు."

"నాకు ఫోన్ చెయ్యలేకపోయారా?"

"సేత్తానన్నాను. మీ అత్తే వద్దంది. పిల్ల నలుగురిలో మాటిచ్చింది, నా కోసం ఆ మాట తప్పించకండి అంది."

నాకు ఇంకా కోపమే. ఎవరో వేలు పెట్టారని గట్టిగా నమ్ముతున్నాను. పాకలో మేకుకి వేలాడుతున్న టాబ్లెట్ లాక్కుని అత్త పేరు తెరిచాను. పేరు సరిగ్గా ఉంది. పొలం సరిగ్గా ఉంది. నాటిన తేదీ దగ్గర అక్టోబరు నెల ఉంది. శివరాత్రికి నాటిన తోట అక్టోబరులో నాటినట్టుంది! "చూశారా, ఎవరో మార్చేశారు," అని అరిచాను. అరిచిన మాట పూర్తికాకుండానే నాకు అర్థమైపోయింది. దాన్ని ఎవరూ మార్చలేరు. అలా రాసింది నేనే. పైగా ఆ తేదీ ఏదో అల్లాటప్పా తేదీ కాదు. మేము ఆ పాకలో కూర్చుని పేర్లు రాసుకున్న రోజు.

నేను రాసే భాషలో ఇంకో సదుపాయం కూడా ఉంది. రికార్డులో ఉన్న ప్రతి గడిలోనూ మనం ముందే ఏదో ఒకటి నింపి పెడితే, కొత్త రికార్డు తయారుచేసే పద్ధతిని భాషే ఊరికే ఇచ్చేస్తుంది. డిఫాల్ట్ ఇనిషియలైజర్ అంటారు. మనం ఒక్క ముక్క రాయక్కర్లేదు. అది ఎవరినీ ఏమీ అడగదు. పేరేమిటి అనదు, ఎప్పుడు నాటావు అనదు. మనం నింపి పెట్టినవాటితోనే రికార్డు చేసి చేతిలో పెడుతుంది. నేను పేరు గడిలో ఖాళీ పెట్టాను, పొలం గడిలో ఖాళీ పెట్టాను. తేదీ గడిలో ఖాళీ పెట్టడానికి కాస్త ఎక్కువ రాయాలి. బద్ధకించి "ఈరోజు" అని పెట్టేశాను. ఆదివారం సాయంత్రంలోగా తెమిలిపోతే చాలనుకున్నాను. పేరూ పొలమూ ఖాళీగా ఉంటే సేవ్ కాకుండా చూసుకున్నాను. తేదీ ఎప్పుడూ ఖాళీగా ఉండదు కదా, ఇంక చూడాల్సిన పనేముంది?

మా కంపెనీలో కొత్తవాళ్ళు ఇలా రాస్తే నేను ఊరుకోను. "ఈ విలువ నీకెవరు చెప్పారు?" అని ఒక్క వాక్యం రాసి వెనక్కి పంపించేస్తాను. ఆ ప్రశ్నతో నన్ను వెనకాల వెక్కిరిస్తారని కూడా నాకు తెలుసు. గర్వపడేదాన్ని.

అత్త విషయంలో ఆ ప్రశ్నకి జవాబు ఉంది. ఆమె చెప్పింది. అది అప్పుడు గుర్తొచ్చింది.

ఆ దసరా తర్వాతి మధ్యాహ్నం అందరూ వరసలో నిలబడ్డారు. నేను అడుగుతున్నాను, టాబ్లెట్లో కొడుతున్నాను. మగవాళ్ళు చాలామంది తేదీలు చీటీల మీద రాయించుకుని వచ్చారు. అత్త వంతు వచ్చింది.

"ఎప్పుడు నాటేవత్తా?"

"శివరాత్రి ఎల్లిన నాలుగోనాడమ్మీ. మీ మావ తద్దినం మర్నాడు."

ఆమె అలాగే చెబుతుంది. ఆమె పుట్టినప్పట్నుంచీ పంటలన్నీ అలాగే గుర్తుపెట్టుకుంది. రోహిణికి దుక్కి, ఆరుద్రకి నారు, శివరాత్రికి చెరకు. ఆ లెక్కలో ఆమె ఒక్కరోజు కూడా తప్పదు. నేను మాత్రం వరస పొడుగు చూసి, అందరికీ వినబడేలా, "అత్తా, నా యాప్‌కి తద్దినాలు తెలీవే," అన్నాను. పాకంతా గొల్లుమంది. ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "క్యాలెండరు చూసి తర్వాత వేస్తాలే," అని సేవ్ నొక్కి, తర్వాతివాళ్ళని పిలిచాను. ఆ తర్వాత అన్నది మళ్ళీ రాలేదు. వచ్చినా లాభం లేకపోయేది. సేవ్ నొక్కిన క్షణానే తాళం పడిపోయింది.

అంటే ఆమె తేదీ చెప్పింది. నేను వినలేదు. విననిదాన్ని ఊరుకోకుండా, ఆమె చెప్పని తేదీ ఒకటి ఆమె పేరు పక్కన రాశాను. దాన్ని ఇంకెవరూ దిద్దకుండా తాళం వేశాను. దానికి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆమె చేత కూడా కొట్టించుకున్నాను. తొమ్మిదేళ్ళుగా ఆమె వంతు మింగినవాళ్ళు వారం రోజులే మింగారు. నేను ఏడాది మొత్తం మింగేశాను.

"ఏటి కోడలా, మొగం అలాగైపోనాది?" అన్నాడు ప్రెసిడెంటు. "నీ తప్పేటుంది ఇందులో? మీ అత్తే ఒప్పుకుంది కదా."

"ఏం ఒప్పుకుంది?"

"తేదీ తనే తప్పు సెప్పేనని."

టాబ్లెట్ తీసుకెళ్ళి మేకుకి తగిలించాను.

సరిగ్గా అప్పుడే అత్త వచ్చింది. ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుంది, తలకి నూనె రాసి నున్నగా దువ్వుకుంది. చేతిలో కవరు విప్పని శాలువా ఉంది. నా మనిషి కాబట్టి నాకు కప్పే పని ఆమెకే అప్పజెప్పారట. నన్ను చూసి ముఖం ఇంత చేసుకుని, "వచ్చేవా అమ్మీ," అంది. మైకులో ఎవరో నా గురించి ఏదో చదువుతున్నారు. ఆమె శాలువా కప్పి భుజాల మీద సర్దుతుంటే ఆమె చేతులు చూశాను. వాలిపోతున్న గడల్ని కలిపి ఆకుతో జడ చుట్టి నిలబెట్టడం మా వైపు పద్ధతి. ఆమె మొన్నటి దాకా ఒక్కతే జడలు చుడుతూనే ఉంది. మోచేతుల దాకా ఆకు కోసిన గీతలు, కొన్ని ఇంకా పచ్చిగానే ఉన్నాయి. వంతు వస్తుందనే చుట్టింది. నా యాప్ ఏదో ఒక రోజు పిలుస్తుందనే చుట్టింది.

మైకు లాక్కున్నాను. ఏడుపు వస్తోంది, కోపం వస్తోంది, ఏది ముందు వస్తోందో తెలీడం లేదు. "తప్పు మా అత్తది కాదు. ఆమె తేదీ సరిగ్గానే చెప్పింది. నేను రాసుకోలేదు. యాప్ తనంతట తను వేరే తేదీ వేసేసుకుంది, అలా వెయ్యమని దానికి చెప్పింది కూడా నేనే," అన్నాను.

ప్రెసిడెంటు, "పోన్లే కోడలా, మిషనన్నాక అలాగే ఉంటాది," అన్నాడు. "మిషను కాదు మావయ్యా, నేను," అన్నాను. ఆయన తల ఊపాడు గానీ నమ్మినట్టు లేదు. అత్త నా చెయ్యి పట్టుకుని లాగింది. "ఊరుకో అమ్మీ. నలుగురిలో అలాగనకు. నీకు మంచి పేరొచ్చిన రోజిది," అంది. నన్ను కాపాడటానికే నింద నెత్తిన వేసుకుంటోందని అనుకున్నాను. ఆ అనుకోవడమే నాకు అప్పుడు పెద్ద దెబ్బలా తగిలింది. అంతకంటే పెద్దది ఇంకోటి ఉందని అప్పటికి తెలీదు.

మర్నాడు పట్టా తీసేసి ఆమె కోసం గానుగ మళ్ళీ నడిపారు. కాదన్నవాళ్ళు ఒక్కరూ లేరు, అది చెప్పుకోవాలి. నేను అనకాపల్లి వెళ్ళకుండా ఉండిపోయాను. ఎండు గడలు మిషన్లో పెట్టినకొద్దీ పిప్పి గుట్టలుగా పడుతోంది, రసం మాత్రం సన్నగా కారుతోంది. పెనం దగ్గర అత్త నిలబడింది. పొంగు వచ్చింది, తెట్టు తీసింది. పాకం ముదిరే వేళకి ముక్కు పైకెత్తి వాసన చూసింది. మళ్ళీ చూసింది. "ఇది కట్టదు," అని మాత్రం అని, గరిటె పక్కవాళ్ళకిచ్చి వెళ్ళి పిప్పి గుట్ట నీడలో కూర్చుంది. ఆమె పాకాన్ని మధ్యలో వదిలి లేవడం నేనెప్పుడూ చూడలేదు. అచ్చుల్లో పోసింది పోసినట్టే మెత్తగా, నల్లగా ఉండిపోయింది. పశువుల దాణాలోకి తప్ప దేనికీ పనికిరాదన్నారు.

వచ్చేటప్పుడు నాకో దిమ్మ ఇమ్మన్నాను. "ఇది నీకెలాగిత్తానమ్మీ," అంది. ఇవ్వలేదు. ఆ ఒక్క విషయంలోనే ఆమె నా మీద గట్టిగా మాట్లాడింది.

ఇంటికొచ్చి మొదట ఆ "ఈరోజు"ని తీసేశాను. అది తీసెయ్యగానే భాష ఊరికే ఇచ్చిన పద్ధతి కూడా మాయమైంది. కొత్త రికార్డు ఎలా తయారవ్వాలో నేనే కూర్చుని రాశాను. రైతు చెప్పిన తేదీ లేకపోతే రికార్డే పుట్టదు. ఈ నాలుగు లైన్లు మొదటిరోజే రాసి ఉంటే సరిపోయేది. పావుగంట పని. తాళం కూడా మార్చాను. రైతూ కమిటీ ఇద్దరూ ఒప్పుకుంటే తేదీ దిద్దుకోవచ్చు, దిద్దినట్టు అందరికీ కనబడుతుంది. ఆ తర్వాత రెండు నెలలు పంచాంగం ముందు పెట్టుకుని కార్తెలూ, పండగలూ, తిథులూ అన్నీ యాప్‌లోకి ఎక్కించాను. ఉగాది ముందురోజు అన్నా, నాగులచవితి వెళ్ళిన మూడోనాడు అన్నా అదే లెక్క కట్టి తేదీ వేసుకుంటుంది. సన్మానం లేకుండా చేసిన ఆ పని గురించి మాత్రం నేను ఇప్పటికీ కొంచెం గర్వపడతాను. ముఖ్యంగా ఒక మాట కోసమే అదంతా చేశాను. శివరాత్రి వెళ్ళిన నాలుగోనాడు అని అత్త చెప్పాలి, యాప్ తలవంచి రాసుకోవాలి.

ఆ మోళ్ళు దున్నేసి ఆ వానలకి అత్త చోళ్ళు, అంటే రాగులు, వేసుకుంది. ఈ ఏడు మళ్ళీ చెరకు నాటింది. ఎప్పుడు నాటిందో నాకు తెలుసు, తద్దినానికి నేను వెళ్ళాను, భోజనం చేశాను, మర్నాడు ముచ్చెలు, అదే విత్తనపు చెరకు ముక్కలు, నాటడం కూడా చూశాను. ఈసారి నాటిన నెలలోనే పేర్లు రాయించుకోమని కమిటీ చెప్పింది. మళ్ళీ అదే పాక, అదే వరస, చేతిలో అదే టాబ్లెట్. అత్త వచ్చింది. నేను లోపల పొంగిపోతూ అడిగాను.

"ఎప్పుడు నాటేవత్తా?"

ఆమె కొంగు ముడి విప్పింది. అందులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. క్యాలెండరులోంచి చింపిన నెల కాగితం. ఒక అంకె చుట్టూ ఎవరి చేతో పెన్నుతో గీయించిన గుండ్రం. ఆమెకి చదవడం రాదు. అయినా కాగితం నా ముందు పెట్టి, బడిలో అప్పజెప్పినట్టు గబగబా, "ఫిబ్రవరి పంతొమ్మిది," అంది.

"అలా కాదత్తా. శివరాత్రి వెళ్ళిన ఎన్నోనాడు? నువ్వు చెప్పేలాగే చెప్పు. ఇప్పుడు దీనికి అన్నీ తెలుసు."

ఆమె వెనకున్న వరసని ఓసారి చూసింది. నా వైపు వంగి గొంతు తగ్గించింది.

"అమ్మో, వద్దు. అలాగ సెప్పే కదా అప్పుడు తోట పాడుసేసుకున్నాను. ఈసారి సరిగ్గా నేర్సుకొచ్చేను. రాసుకో."

ఆమె ఎవర్నీ కాపాడలేదు. మైకులో నేను అన్న మాట ఒక్కటీ నమ్మలేదు. ఏడాదికి పైగా తప్పు తనదేననుకుంటోంది. ఆమె చెప్పిన అంకె వేశాను. అంకె సరిపోయింది. మావయ్య తద్దినం మాట ఈసారి ఆమె ఎత్తలేదు.